పాత అమెరికా రైల్వే షేర్ సర్టిఫికెట్లు: కొనడం, పరీక్షించడం, దాచడం ఎలా

నూట నలభై ఏళ్ల నాటి కాగితం కదా, వేలల్లో పలుకుతుందిలే అనుకుని మొదలుపెట్టిన వాళ్లకు ఈ సరదా నెల తిరక్కుండానే చేదెక్కుతుంది. 1880ల నాటి అమెరికా రైల్వే షేర్ సర్టిఫికెట్లు పాతిక ముప్పై డాలర్లకే బోలెడు దొరుకుతాయి. అదే కంపెనీ, అదే ఏడాది, అదే ఇంజిన్ బొమ్మ ఉన్న ఇంకో కాగితానికి వందల డాలర్లు అడుగుతారు. తేడా అంతా కింద మూలనున్న సంతకంలోనో, రద్దు చేసిన తీరులోనో, అలాంటివి ఎన్ని మిగిలాయన్న లెక్కలోనో ఉంటుంది. వయసుకు విలువ తక్కువ. అందుకే కొనడం కంటే ముందు చదవడం నేర్చుకోవాలి. డబ్బు చివర్లో తీద్దాం.

మొదటి మెట్టు: ఒక దారి ఎంచుకోండి

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో రైలు కంపెనీలు వేలల్లో పుట్టాయి. వాటిలో చాలావాటికి పట్టాలు కూడా పడలేదు, షేర్ కాగితాలు మాత్రం అచ్చయ్యాయి. కనబడినదల్లా కొంటే ఏడాది తిరిగేసరికి మీ దగ్గర కాగితాల మోపు ఉంటుంది తప్ప సేకరణ ఉండదు.

దారులు చాలా ఉన్నాయి. ఒకే రాష్ట్రానికి చెందిన కంపెనీలు, పేరున్న వాళ్ల సంతకాలు, రెవెన్యూ స్టాంపులు అంటించినవి, ఇంజిన్ బొమ్మల్లో రకాలు, ఇలా ఏదైనా పట్టుకోవచ్చు. మోనోపోలీ ఆట బోర్డు మీది రైల్వేలు వెతికేవాళ్లూ ఉన్నారు. బోర్డు మీద ఉన్న నాలుగింటిలో పెన్సిల్వేనియా, రీడింగ్, బాల్టిమోర్ అండ్ ఒహాయో నిజంగా నడిచినవే. ‘షార్ట్ లైన్’ కోసం మాత్రం తిరగకండి.

కొత్తవాళ్లు ఒకే కంపెనీ వంశవృక్షాన్ని పట్టుకుంటే మేలు. తక్కువ ఖర్చుతో ఎక్కువ నేర్పే దారి అదే. ఎరీ కంపెనీ సంగతి చూడండి. 1832లో ‘న్యూయార్క్ అండ్ ఎరీ రైల్‌రోడ్’గా పుట్టింది. దివాళా తీసి 1861లో ‘ఎరీ రైల్వే’ అయింది. మళ్లీ మునిగి 1878లో ‘న్యూయార్క్, లేక్ ఎరీ అండ్ వెస్టర్న్ రైల్‌రోడ్’ అయింది. మూడోసారి మునిగి 1895లో ‘ఎరీ రైల్‌రోడ్’గా తేలింది. 1960లో లాకవానా అనే ఇంకో రైలు కంపెనీతో కలిసి ‘ఎరీ లాకవానా’ అయ్యాక, 1976లో ప్రభుత్వం నిలబెట్టిన కాన్‌రైల్‌లో కలిసిపోయింది. ఈ పేర్లన్నిటి కాగితాలూ వరసగా పెడితే ఒక కంపెనీ జాతకం మొత్తం బల్ల మీద ఉంటుంది. అందులో 1868 నాటిది దొరికితే విడిగా దాచుకోండి. ఆ ఏడే రైల్వేల కుబేరుడు కొర్నేలియస్ వాండర్‌బిల్ట్ ఎరీని దక్కించుకోవాలని షేర్లు కొంటూ పోతుంటే, అప్పటి ఎరీ డైరెక్టర్లు డానియల్ డ్రూ, జే గౌల్డ్, జిమ్ ఫిస్క్ ముగ్గురూ కలిసి కొత్త షేర్లు అచ్చువేయించి ఆయన మీదే గుమ్మరించారు.

ఇందులోనే ఒక కిటుకు ఉంది. పేరు చివర ‘రైల్‌రోడ్’ అని ఉందా, ‘రైల్వే’ అని ఉందా అని తప్పకుండా చూడండి. అప్పులపాలైన కంపెనీని వేలంలో కొన్నవాళ్లు కొత్త కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడు, పాతదానితో కలిసిపోకుండా చాలాసార్లు ఆ ఒక్క మాటే మార్చేవారు. చెసపీక్ అండ్ ఒహాయో 1878లో, ఆచిసన్ టొపీకా అండ్ శాంటా ఫే 1895లో, నార్తర్న్ పసిఫిక్ 1896లో ‘రైల్‌రోడ్’ నుంచి ‘రైల్వే’ అయ్యాయి. యూనియన్ పసిఫిక్ ఎదురు దారిన వెళ్లింది. 1880లో ‘రైల్వే’ అయి, 1897లో తిరిగి ‘రైల్‌రోడ్’ అయింది. అమ్మేవాడు చెప్పే తేదీకీ కాగితం మీది పేరుకూ పొంతన కుదరకపోతే అక్కడే ఆగండి.

రెండో మెట్టు: కాగితాన్ని ఎడమ అంచు నుంచి చదవండి

అందరి చూపూ ముందు ఇంజిన్ బొమ్మ మీదికే పోతుంది. మీరు ఎడమ అంచుతో మొదలుపెట్టండి.

షేర్ సర్టిఫికెట్లు మన చెక్కుబుక్కులా పుస్తకంగా వచ్చేవి. ఎడమవైపు కౌంటర్‌ఫాయిల్ పుస్తకంలోనే ఉండిపోయేది, కుడివైపు కాగితాన్ని కోసి వాటాదారుకి ఇచ్చేవారు. ఆయన షేరు అమ్మినప్పుడు ఆ కాగితం కంపెనీకి తిరిగొచ్చేది. గుమాస్తా దాన్ని రద్దు చేసి, దాని కౌంటర్‌ఫాయిల్‌కే మళ్లీ అంటించేవాడు. ఎడమ అంచున గోధుమరంగు జిగురు చారలు, చిన్న చిరుగులు కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి దాన్ని పెద్ద లోపంగా లెక్కించకండి, ఆ కాగితం నడిచొచ్చిన దారికి అది సాక్ష్యం.

ఈ పద్ధతి వల్లే మార్కెట్లో దొరికే సర్టిఫికెట్లలో ఎక్కువ భాగం రద్దయినవి. రద్దయినవి కంపెనీ పుస్తకాల్లో భద్రంగా మిగిలాయి. రద్దు కానివంటే కంపెనీకి తిరిగి రానివి. ఎవరి పెట్టెలోనో మరిచిపోయినవో, కంపెనీయే మునిగిపోవడంతో తిరిగివ్వాల్సిన అవసరం లేకపోయినవో అయి ఉంటాయి.

తర్వాత నంబరు, షేర్ల సంఖ్య, పేరు, తేదీ చూడండి. ముఖవిలువ సాధారణంగా 100 డాలర్లు ఉంటుంది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ లాంటి కొన్నిటికి 50. పెద్ద కంపెనీలు షేర్ల సంఖ్యను బట్టి రంగు మార్చేవి. 100 షేర్లకు ఒక రంగు, 100 లోపు వాటికి ఇంకో రంగు. అందుకే ఒకే కంపెనీ కాగితం గోధుమ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో కనబడితే కంగారుపడక్కర్లేదు.

వెనక్కి తిప్పండి. షేరు బదిలీ వివరాలు, అమ్మినవాళ్ల సంతకం, సాక్షి సంతకం, తేదీ అక్కడ ఉంటాయి. ముందు వైపు ఏదో ఊరూపేరూ తెలియని పేరుండి, వెనక బదిలీ సంతకం ఒక పెద్ద ధనవంతుడిది అయిన సందర్భాలున్నాయి. వెనకవైపు ఫోటో పెట్టని అమ్మకందారు దగ్గర వెనకవైపు అడక్కుండా కొనకండి.

నాలుగు రకాల కాగితాలకు నాలుగు ధరలుంటాయి, కలిపేయకండి. పేరు, తేదీ, సంతకాలు నింపి ఇచ్చినవి జారీ అయినవి. ఖాళీగా మిగిలినవి జారీ కానివి, వీటికి సాధారణంగా ధర తక్కువ. అచ్చువేసిన సంస్థ నమూనాగా ఉంచుకున్నవాటి మీద ‘స్పెసిమెన్’ అన్న ముద్ర, నంబరు చోట వరసగా సున్నాలు, సంతకాల చోట రంధ్రాలు ఉంటాయి. అచ్చు సరిచూసుకోవడానికి పలచటి కాగితం మీద తీసి అట్టకు అతికించినవి ప్రూఫులు, చాలా తక్కువ సంఖ్యలో ఉంటాయి.

మూడో మెట్టు: అచ్చును వేలితో చూడండి

మంచి సర్టిఫికెట్లు స్టీలు పలక మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడిపిన కాగితాన్ని గట్టిగా ఒత్తి తీసినవి. సిరా కాగితం మీద గట్టులా నిలబడుతుంది. కడిగి ఆరిన చేత్తో, చూపుడువేలు కొనతో బొమ్మ మీద మెల్లగా జరిపితే గరుకు తెలుస్తుంది. కొత్త నోటు మీద గాంధీ బొమ్మను తడిమి చూసినట్టే.

ఈ పని చేసినవాళ్లు నోట్లు అచ్చువేసిన సంస్థలే. 1858లో ఏడు చెక్కడపు సంస్థలు కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ అయ్యాయి. దానికి పోటీగా నిలిచిన నేషనల్, కాంటినెంటల్ బ్యాంక్ నోట్ కంపెనీలు 1879లో అందులోనే కలిశాయి. సంస్థ పేరు చట్రం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘కాంటినెంటల్ బ్యాంక్ నోట్’ అని ఉంటే ఆ పలక 1863కీ 1879కీ మధ్య చెక్కినదన్నమాట. పలకలను తర్వాత చాలా ఏళ్లు వాడారు కాబట్టి, ఆ పేరున్న కాగితం మీద 1885 తేదీ ఉన్నంత మాత్రాన దొంగది కాదు. తేదీ 1855 అయితే మాత్రం అనుమానించాలి.

రైల్వే కాగితం మీద దేవతల్లాంటి స్త్రీమూర్తులు, కండలు తిరిగిన కార్మికులు ఎందుకని చాలామంది అడుగుతారు. అది అలంకారం ఒక్కటే కాదు. మనిషి ముఖం, ఒంటి ఛాయ చెక్కడం నకలుదారుకి అన్నిటికంటే కష్టం. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజి తన జాబితాలోని కంపెనీల సర్టిఫికెట్ల మీద ముఖం స్పష్టంగా తెలిసే మనిషి బొమ్మ ఉండాలని పట్టుబట్టింది. చుట్టూ ఉండే మెలికల చట్రం కూడా యంత్రంతో తీసిన గీతలే. వంపు తిరిగే చోట కూడా గీత తెగదు.

గరుకు తగలకపోతే దొంగదనే తీర్పు ఇచ్చేయకండి. చిన్న కంపెనీలు స్టీలు చెక్కడపు ఖర్చు భరించలేక చెక్కడం లేకుండా నున్నగా తీసే లితో అచ్చు ఖాళీ ఫారాలు కొని పేరు మాత్రం వేయించుకునేవి. షికాగోలోని గోస్ లితోగ్రాఫింగ్ లాంటివాళ్లు అలాంటి ఫారాలు అమ్మారు. అందుకే ఒకే గద్ద బొమ్మ ఒక గని కంపెనీ మీదా, ఒక రైలు కంపెనీ మీదా కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: పరీక్షకు కావలసినవి

10 రెట్లు పెంచి చూపే భూతద్దం, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, ఒక మామూలు టార్చి, మిల్లీమీటర్ల స్కేలు, మెత్తటి పెన్సిల్. ఇంతే. తెల్ల గ్లౌజులు వద్దు, వాటితో అంచులు తగిలినా తెలియక చిరుగుతాయి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిస్తే చాలు.

భూతద్దంలో బొమ్మ నీడలు గీతలుగా, గీతల మధ్య చుక్కలుగా కనిపించాలి. రంగు రంగుల సన్నటి చుక్కలు కలిసి ఒక రంగు అవుతుంటే అది ఈ కాలపు ప్రింటరు పని. రాత మీద కూడా పెట్టి చూడండి. నిజమైన కలం రాతలో పాళీ ఒత్తిన చోట గీత లావవుతుంది, రెండు అంచుల్లో సిరా చిక్కబడుతుంది. అచ్చులో వచ్చిన సంతకం అంతా ఒకే మందంలో ఉంటుంది. టార్చిని పక్కనుంచి, దాదాపు కాగితానికి సమాంతరంగా పట్టుకుంటే మడతలు, అతుకులు, చెరిపి మళ్లీ రాసిన చోట్లు పైకి తేలతాయి.

చీకటిగదిలో అతినీలలోహిత కాంతి వేస్తే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కాగితం మసగ్గా, పసుపు గోధుమ రంగులో ఉండాలి. నీలి తెలుపుగా వెలిగిపోతే ఆ కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉందన్నమాట. అలాంటివి కాగితంలో కలపడం యుద్ధం తర్వాతే మామూలైంది. 1870 తేదీతో ఉన్న కాగితం అలా మెరిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు.

ఐదో మెట్టు: తేదీలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా?

దొంగ కాగితాలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

రెవెన్యూ స్టాంపు ఉంటే దాని మీది చేతిరాత చదవండి. అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1862లో అమెరికా పత్రాల మీద స్టాంపు పన్ను పెట్టింది, షేర్ సర్టిఫికెట్‌కు 25 సెంట్లు. 1872 అక్టోబరుతో ఆ పన్ను పోయింది. స్టాంపును మళ్లీ వాడకుండా దాని మీద పొడి అక్షరాలు, తేదీ రాసి రద్దు చేయాలి. ఆ తేదీ సర్టిఫికెట్ తేదీకి దగ్గరగా లేకపోతే స్టాంపు తర్వాత ఎవరో అంటించింది కావచ్చు. స్టాంపు మీద ‘బాండ్’ అనో ‘పవర్ ఆఫ్ అటార్నీ’ అనో ఇంకో పత్రం పేరుందని మాత్రం కలవరపడకండి. పన్ను మొదలైన కొద్ది నెలలకే ఏ పేరున్న స్టాంపునైనా వాడుకోనిచ్చారు. 1873కీ 1898కీ మధ్య కొత్తగా జారీ అయిన షేర్ల మీద ఆ కేంద్ర స్టాంపు ఉండకూడదు. స్పెయిన్‌తో యుద్ధం వచ్చి 1898లో పన్ను మళ్లీ వచ్చింది. కాగితం మధ్యలో చుట్టూ మాసిపోయి దీర్ఘచతురస్రంగా తెల్లటి చోటు ఒక్కటే మిగిలితే, స్టాంపులు సేకరించేవాళ్లు పీకేశారని అర్థం. ధర తగ్గించి అడగండి.

సంతకం విషయంలో చావు తేదీలు గుర్తుండాలి. జిమ్ ఫిస్క్ 1872 జనవరిలో, కొర్నేలియస్ వాండర్‌బిల్ట్ 1877 జనవరిలో, ఆయన కొడుకు విలియం హెచ్. వాండర్‌బిల్ట్ 1885 డిసెంబరులో, జే గౌల్డ్ 1892 డిసెంబరులో పోయారు. తాత పేరే పెట్టుకున్న మనవడు కొర్నేలియస్ వాండర్‌బిల్ట్ 1899 దాకా బతికాడు, ఆయన కూడా రైల్వేల్లో పెద్ద పదవుల్లోనే ఉన్నాడు. 1880ల నాటి కాగితం మీద ఆ పేరు కనబడితే అది మనవడిది. తాత సంతకం ధర పెట్టి మనవడి సంతకం కొన్నవాళ్లు ఎంతమందో. మనదగ్గర తాత పేరు మనవడికి పెట్టడం ఎరిగినవాళ్లం కదా, కనీసం మనమైనా మోసపోకూడదు.

గౌల్డ్ సంతకం కావాలంటే తేలికైన దారి మిజోరి, కాన్సస్ అండ్ టెక్సస్ రైల్వే. 1880ల మొదట్లో ఆయన ఆ కంపెనీ అధ్యక్షుడిగా స్వయంగా సంతకం పెట్టిన కాగితాలు మార్కెట్లో తరచూ తిరుగుతాయి. అవి ఎక్కువ ఉండటం కొనేవాళ్లకు వరం, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి నమూనాలు పుష్కలం. రెండు మూడు పెద్ద వేలం సంస్థల పాత జాబితాల్లోంచి అదే కంపెనీ సంతకాలు ఐదారు తెచ్చుకుని, పక్కపక్కన పెట్టి చూడండి.

ఆరో మెట్టు: లోపాలకు ధర కట్టడం

రద్దు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. కలంతో సంతకాల మీద అడ్డగీతలు, రబ్బరు ముద్ర, గుండ్రటి పంచ్ రంధ్రాలు, సన్నటి రంధ్రాలతో ‘క్యాన్సిల్డ్’ అన్న అక్షరాలు, కత్తితో గాట్లు. రంధ్రాలు ఖాళీ చోట పడితే ధర పెద్దగా కదలదు. మనిషి ముఖంలోనో ఇంజిన్ మధ్యలోనో పడితే దిగుతుంది. పేరున్న సంతకాన్ని కోసేస్తే సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. సంతకం ముక్కనే కత్తిరించి తీసేసిన కాగితం మిగిలితే అది బొమ్మ కోసం కొనుక్కోవాల్సిందే.

మడతలు మామూలే. పాత కాగితాలను మూడుగా మడిచి కవర్లలో పెట్టుకునేవారు. మడత చివర్లలో అర అంగుళం లోపు చిరుగు సహించవచ్చు. తుప్పురంగు చుక్కలు, నీటి మరక, ఎలుక కొరికిన మూల, ఇవన్నీ కనబడేవే. కనబడకుండా ముంచేది పారదర్శక టేపు. వెనకవైపు వేసిన పాత టేపు జిగురు కాగితంలోకి ఇంకి, ముందు వైపుకి పసుపు చారగా వస్తుంది. తీయబోతే పైపొర ఊడొస్తుంది. ఫోటోలో టేపు చివర కాస్త మెరిసినా కొనడం మానేయండి. అప్పటికే గట్టి అట్టకు జిగురుతో అంటించి ఫ్రేమ్ కట్టినవీ అంతే.

ఒక కంపెనీ కాగితాలు ఎన్ని మిగిలాయన్నది గోదాముల మీద ఆధారపడింది. 1968లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. రెండేళ్లకే, 1970 జూన్‌లో దివాళా. ఆ కాగితాలు ఎంత విరివిగా ఉన్నాయంటే చాలాసార్లు 10 డాలర్ల లోపే దొరుకుతాయి. చరిత్ర పెద్దది, ధర చిన్నది. మొదటి పది కాగితాలు ఇలాంటివే కొని, భూతద్దంతో అచ్చు నేర్చుకోండి. పొరపాటు చేసినా టీ డబ్బులే పోతాయి. అలాగే, ఇప్పటిదాకా అరుదనుకున్న కంపెనీ కాగితాలు ఏదో పాత ఆఫీసు నుంచి కట్టలు కట్టలుగా బయటపడితే ధర ఒక్కసారిగా జారుతుంది. ఒకే కంపెనీవి, వరస నంబర్లతో, ఒకేసారి నలుగురు అమ్మకందార్ల దగ్గర కనబడుతుంటే కట్ట విడిపోతోందని గ్రహించి ఆరునెలలు ఆగండి.

ఏడో మెట్టు: కొనడం

ఆన్‌లైన్ వేలం సైట్లలో అమ్మకానికి పెట్టిన ధర చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. రెండిటికీ నింగికీ నేలకూ ఉన్న తేడా ఉంటుంది. పెద్ద వేలం సంస్థల్లో పాడిన మొత్తం మీద కొనుగోలుదారు రుసుము కూడా పడుతుంది, 20 శాతం పైనే ఉండటం మామూలు. అది, పోస్టేజి, సుంకం కలిపి మీ గరిష్ఠ మొత్తం ముందే కాగితం మీద రాసుకుని పాడండి. పాడుతూ లెక్క వేయకండి.

డబ్బు పంపేముందు అమ్మేవాళ్లను నాలుగు అడగండి: రెండువైపులా స్కాన్, అంగుళాల్లో కొలత, రంధ్రాలు, చిరుగులు ఎక్కడెక్కడ, టేపు గానీ జిగురు గానీ ఉందా. కొలత ఎందుకంటే, నకళ్లు చాలాసార్లు ఎ4 సైజుకి కుదించి ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దపు అసలు సర్టిఫికెట్ సుమారు 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. బాండ్లు, అంటే కంపెనీ తీసుకున్న అప్పుకి ఇచ్చిన పత్రాలు, ఇంకా పెద్దవి. కత్తిరించి ఇచ్చి వడ్డీ తీసుకునే కూపన్లు ఉంటే విప్పితే బల్లంతా పరుచుకుంటాయి.

ప్యాకింగ్ ఎలా చేయాలో కూడా మీరే చెప్పండి. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, కాగితం కంటే అన్నివైపులా రెండంగుళాలు పెద్దవైన రెండు అట్టల మధ్య పెట్టాలి. ఒక అట్ట గాడులు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా. అప్పుడు ఎటు వంచినా వంగదు. చుట్టి గొట్టంలో పంపితే మడతల దగ్గర పొరలు విడిపోతాయి. విలువ తగ్గించి రాయమని అడగకండి, దారిలో పోతే పరిహారం కూడా ఆ తగ్గించిన అంకె మేరకే వస్తుంది.

‘బంగారంలో చెల్లిస్తాం’ అన్న మాట కనబడితే

రైల్వే బాండ్ల మీద ‘బంగారు నాణేల్లో చెల్లించబడును’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దీన్ని చూపించి, ఈ కాగితం ఇప్పుడు కోట్ల డాలర్లు చేస్తుంది, మీకు లక్షకే ఇస్తాం అనేవాళ్లు తగులుతారు. నమ్మకండి. 1933 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ బంగారం షరతును రద్దు చేసింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు కూడా ఒక రైల్వే బాండుదే. బాల్టిమోర్ అండ్ ఒహాయో బాండు కూపన్ ముఖవిలువ 22 డాలర్ల 50 సెంట్లు. బంగారం కొత్త ధర లెక్కన 38 డాలర్ల 10 సెంట్లు ఇవ్వాలని బాండుదారు అడిగాడు. 1935 ఫిబ్రవరిలో కోర్టు కుదరదు పొమ్మంది, అదీ ఐదుగురు నలుగురు తేడాతో. ఇలాంటి పాత బాండ్లతో జరిగే మోసాల గురించి అమెరికా ఖజానా శాఖ హెచ్చరిస్తూనే ఉంటుంది.

రద్దు కాని కాగితం చేతికొస్తే, ఆ కంపెనీ ఇప్పుడెవరిలో కలిసిందో ఒకసారి చూసుకోవడం తప్పు కాదు. అందులో నుంచి ఏదో రాలుతుందని మాత్రం ధర పెంచి కొనకండి.

ఎనిమిదో మెట్టు: మన వాతావరణంలో దాచడం

ఈ కాగితాలు బతికింది అమెరికా చలిలో. విజయవాడ ఎండ, విశాఖ ఉప్పుగాలి వాటికి తెలియవు. తేమ 50 శాతం దాటకుండా చూస్తే బూజు రాదు. ఇరవై రూపాయల సిలికా జెల్ పొట్లాలు, నాలుగైదు వందల రూపాయల తేమ మీటరు ఈ పనికి చాలు. పొట్లాలు వర్షాకాలంలో నెలకోసారి ఆరబెట్టండి. బయటి గోడకు ఆనించిన బీరువా, వంటింటి పక్క అల్మారా రెండూ పనికిరావు. కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్ తొడుగుల మీద, కాగితం మీద పేరుకుంటుంది. చెదలు, సిల్వర్ ఫిష్ రాకుండా నేల నుంచి ఒక అడుగు ఎత్తున పెట్టి, మూడు నెలలకోసారి తీసి చూడటమే మందు.

తొడుగు పాలియెస్టరుది అయి ఉండాలి. కొత్త చెప్పుల పెట్టె వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ పీవీసీ, అది ఏళ్లు గడిచేకొద్దీ జిగటై సిరాను లాగేస్తుంది. తొడుగు వెనక ఆమ్లం లేని అట్ట పెట్టండి. పెద్ద డ్రాయింగు ఆల్బమ్‌లో పడుకోబెట్టి ఉంచడం మేలు, నిలబెడితే కిందికి జారి అంచులు ముడుచుకుంటాయి.

ఇక లామినేషన్. పదో తరగతి మెమో దగ్గర్నుంచి పొలం పాస్‌బుక్కు దాకా అన్నీ లామినేట్ చేయించే అలవాటు మనది. సర్టిఫికెట్‌ను ఆ యంత్రంలో పెడితే వేడికి జిగురు నారలోకి దిగి, మళ్లీ ఎప్పటికీ విడదీయలేం. ఆ నిమిషంతో దాని సేకరణ విలువ పోయినట్టే. ఇంట్లో వాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి, మంచి చేస్తున్నామనుకుని చేయించుకొచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంది.

ముడతలు తీయడానికి ఇస్త్రీపెట్టె వద్దు, మరకలకు నీళ్లు వద్దు. ఆ కాలపు నల్ల సిరాలో ఇనుప ఉప్పు ఉంటుంది. అదే కాలక్రమేణా గోధుమరంగుకి మారి కాగితాన్ని తింటుంది, తడి తగిలితే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. చిరుగు అతికించాల్సే వస్తే పలచటి జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురు వాడాలి, అదీ తెలిసిన చేతులే చేయాలి. గోడకు తగిలించాలనుంటే అతినీలలోహిత కాంతిని ఆపే అద్దం వేయించి, కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టించి, ఎండ పడని గోడ చూసుకోండి. ఇంకా మంచిది, అసలును లోపల దాచి మంచి రంగు ప్రతిని గోడకెక్కించడం.

అమెరికాలో ఉండి కొంటున్న తెలుగువాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశపు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న పత్రాలు 75 ఏళ్లు దాటితే పురావస్తువుల కిందికి వచ్చే అవకాశం ఉంది, వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. సేకరణను ఇంటికి తెచ్చి మళ్లీ అక్కడి వేలానికి పంపుదామనుకుంటే పురావస్తు శాఖను ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. తెచ్చేటప్పుడు బిల్లులు, దిగుమతి కాగితాలు పోగొట్టకండి.

మన వైపు కాగితాలు కావాలంటే

ఈ నేర్పంతా హైదరాబాద్ రైల్వే కాగితాల మీద కూడా పనికొస్తుంది. వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో మొదలైంది. 1883లో లండన్‌లో ఏర్పడిన ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ దాన్ని తీసుకుని బెజవాడ దాకా పొడిగించింది. పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాట, పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీ పడటం వల్ల వచ్చింది. 1930లో ప్రభుత్వమే కంపెనీని కొనేసింది. ఇలాంటి లండన్ కంపెనీల కాగితాల్లో అమెరికా వాటిలా పెద్ద ఇంజిన్ బొమ్మలు ఆశించకండి, ఎక్కువగా అక్షరాలు, ముద్రలే. దొరికేచోట్లు కూడా ఎక్కువగా బ్రిటన్ వేలాలే, అమెరికా కాగితాలంత విరివిగా రావు. అమెరికా కాగితాల మీద చేయి తిరిగాక వీటి జోలికి రండి.

చివరి పని: రాసిపెట్టడం

కాగితం చేతికొచ్చిన రోజే ఒక నోటుపుస్తకంలోనో ఎక్సెల్‌లోనో కంపెనీ పూర్తి పేరు, సర్టిఫికెట్ నంబరు, తేదీ, షేర్లు, ఎవరి పేరున, సంతకాలు, అచ్చు సంస్థ, రంగు, రద్దు తీరు, లోపాలు, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో రాసేయండి. రెండువైపులా 300 డీపీఐలో స్కాన్ తీసి, ఫైలుకి ఆ నంబరే పేరుగా పెట్టండి. గుర్తు రాయాలంటే కాగితం మీద కాకుండా తొడుగులోని అట్ట వెనక పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ ఒత్తితే అక్షరాలు సర్టిఫికెట్ మీద అచ్చుపడతాయి. జాబితా మొదటి పేజీలో, ఇవి బ్యాంకులో మార్చుకునే షేర్లు కావనీ, సేకరించేవాళ్లకే అమ్మాలనీ, ఏ వేలం సంస్థను అడగాలో కూడా రాసి పెట్టండి. ఆ పేజీ ఇంట్లో ఇంకొకరికైనా ఎక్కడుందో తెలియాలి.